ప్రొషుత్తో కూర ఎందుకు చెడింది? ఇటలీ ఉప్పు మాంసాలతో వంట, కాస్త వివరంగా

మిలాన్‌కి చదువుకోడానికి వచ్చి ఆరు నెలలైందని, సూపర్ మార్కెట్లో ఆఫర్ చూసి ప్రొషుత్తో క్రూదో (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ) ఒక ప్యాకెట్, గ్వాంచాలె (అలాగే ఆరబెట్టిన పంది చెంప) ముక్క ఒకటి, మోర్తదెల్లా (రుబ్బి ఉడికించిన పంది మాంసం) కొంచెం కొన్నారని రాశారు. ప్రొషుత్తోని ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, టమాటా వేసి మామూలు కూరలాగే ఇరవై నిమిషాలు ఉడికిస్తే నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా వచ్చింది, పైగా తోలులా సాగింది. గ్వాంచాలెని నూనెలో పెద్ద మంట మీద వేయిస్తే పైన మాడింది, లోపల కొవ్వు అలాగే ఉండిపోయింది. వీటితో అసలు వంట చేస్తారా, లేక బ్రెడ్డులో పెట్టుకుని తినడమేనా అని మీ ప్రశ్న. మిగిలిన సగం గ్వాంచాలెని ఏం చేయాలని కూడా అడిగారు.

చేస్తారండీ, బ్రహ్మాండంగా చేస్తారు. నేను బొలోన్యాలో పదకొండేళ్ళుగా వంటపని చేస్తున్నాను. అందులో మొదటి రెండేళ్ళు సలుమెరియా, అంటే ఇలాంటి మాంసాలు అమ్మే కొట్టు కౌంటర్లో ఈ మాంసాలు కోసి కాగితంలో చుట్టి ఇవ్వడమే నా పని. మన పిల్లలు చాలామంది మీలాగే మొదటి ప్యాకెట్‌ని కూర చేసి, బాగా రాకపోయేసరికి ఇంక జన్మలో వాటి జోలికి వెళ్ళరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వంకాయలో ఎండు రొయ్యలు వేసి వండేటప్పుడు మన ఇంట్లో ఏం చేస్తారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. అర కిలో వంకాయలకి గుప్పెడు రొయ్యలు. ముందు రొయ్యల్ని విడిగా వేయించి పక్కన పెడతారు. ఉప్పు చివర్లో, రుచి చూశాకే వేస్తారు. ఎండు రొయ్యల్ని పచ్చి రొయ్యల్లా అర కిలో పోసి ఇగురు పెట్టరు కదా? ఉప్పుచేప కూడా అంతే, తెలంగాణలో ఒట్టి తునకలూ అంతే. ఎండిన సరుకు కూరకి రుచినిస్తుంది, కూర మొత్తం దానితోనే నింపరు. ఇటలీ వాళ్ళు గ్వాంచాలెని, పాంచెత్తాని (ఉప్పు పట్టించిన పంది పొట్ట మాంసం), ప్రొషుత్తోని వంటలో వాడే పద్ధతి సరిగ్గా ఇదే. మీ చేతికి తెలిసిన విద్యే, సరుకు పేరు మారిందంతే.

వీటన్నిటినీ కలిపి ఇటలీలో సలూమి అంటారు. ఉప్పుని వాళ్ళు సాలె అంటారు, పేరు అక్కడి నుంచే పుట్టింది. సలామె అనేది అందులో ఒక రకం మాత్రమే. కొనేటప్పుడు వంట చేసేవాళ్ళు రెండే చూసుకోవాలి: ఇది ముందే ఉడికిందా, ఇందులో కొవ్వు ఎంత ఉంది. మోర్తదెల్లా, ప్రొషుత్తో కొత్తో కంపెనీలో ఉడికే బయటికి వస్తాయి. ప్రొషుత్తో క్రూదో, కొప్పా, స్పెక్, సలామె, పాంచెత్తా, గ్వాంచాలె పచ్చి మాంసానికి ఉప్పు పట్టించి వారాలు, నెలల తరబడి ఆరబెట్టినవి. ఇక కొవ్వు సంగతి. కొవ్వు ఎక్కువ ఉన్నది పొయ్యి మీదికి, కొవ్వు తక్కువ ఉన్నది పళ్ళెంలోకి. నాకు పని నేర్పిన పెద్దావిడ మొదటి వారంలోనే చెప్పిన మాట ఇది. దీనికి మినహాయింపులు ఉన్నాయి, కింద వస్తాయి. కానీ ఈ ఒక్క ముక్క గుర్తుంటే మీ డబ్బు చాలావరకు వృథా కాదు.

ముందు మీ ప్రొషుత్తో సంగతి. ప్రొషుత్తో ది పార్మాలో, అంటే పార్మా ఊరి పేరున్న రకంలో, పంది తొడ, సముద్రపు ఉప్పు తప్ప ఇంకేమీ వేయరు. మాంసం నిల్వ ఉండడానికి వేసే నైట్రేటులు కూడా వాడరు. పార్మాకి దక్షిణాన లాంగిరానో చుట్టుపక్కల కొండల్లో పొడుగ్గా, సన్నగా ఉండే కిటికీల భవనాలు వరసగా కనిపిస్తాయి. గాలి ఆడేలా కిటికీలు తెరుస్తూ మూస్తూ కాళ్ళని ఆరబెట్టేది వాటిలోనే. ఆరే కొద్దీ తొడ బరువులో పావు వంతు పైగా నీరుగా పోతుంది. చర్మం లేని వైపు మరీ ఎండిపోకుండా పంది కొవ్వు, బియ్యప్పిండి, ఉప్పు కలిపిన ముద్ద పూస్తారు. చివర్లో గుర్రపు ఎముకతో చేసిన సూది గుచ్చి వాసన చూస్తారు. ఆ ఎముకకి సన్నటి రంధ్రాలు ఉంటాయి, వాసనని ఇట్టే పట్టుకుంటుంది, ఇట్టే వదిలేస్తుంది. ఒక పెద్దాయన ఒకే కాలికి ఐదు చోట్ల సూది గుచ్చి, ప్రతిసారీ ముక్కు దగ్గర పెట్టుకుని, వేలితో రంధ్రం మూసి, మాట్లాడకుండా తర్వాతి కాలి దగ్గరికి వెళ్ళిపోవడం దగ్గర నుంచి చూశాను. ఒక్కో కాలికి పట్టింది కొన్ని క్షణాలే. అన్నీ బాగుంటేనే పార్మా డచీ కిరీటం గుర్తుని చర్మం మీద వేడి ఇనుముతో ముద్ర వేస్తారు.

అలా ఏడాదికి పైగా ఆరిన మాంసంలో 100 గ్రాములకి సుమారు 4 నుంచి 5 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే మీ ప్యాకెట్ మొత్తం కూరలో వేయడమంటే దాదాపు ఒక టీస్పూను ఉప్పు వేసినట్టే. దానిపైన మీరు చెయ్యివాటంగా మామూలు ఉప్పు కూడా వేశారు. ఇక ఇరవై నిమిషాలు ఉడికితే, అసలే నీరు లేని ఆ పలచటి ముక్క ఇంకా బిగుసుకుపోయింది. అంతకన్నా బాధాకరమైన సంగతి ఇంకోటి ఉంది. నెలల తరబడి నెమ్మదిగా తయారైన ఆ తియ్యటి, బాదంపప్పు లాంటి వాసన అల్లం వెల్లుల్లి ముందు నిలవదు. కాబట్టి ప్రొషుత్తో క్రూదోని చాలావరకు పచ్చిగానే తినండి. వేసవిలో కర్బూజా ముక్కలతో, ఆగస్టు, సెప్టెంబరులో అంజీర పళ్ళతో. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మాత్రం తినకండి. ఇరవై నిమిషాలు బయట ఉంచితే కొవ్వు మెత్తబడి మెరుస్తుంది, అప్పుడే రుచి తెలుస్తుంది. ఆ తెల్లటి కొవ్వు అంచుని కత్తిరించి పారేయడం మన పిల్లలకి అలవాటు. దయచేసి పారేయకండి, వాసనంతా అందులోనే ఉంటుంది.

వండాలనే ఉంటే సాల్తింబొక్కా చేయండి. ఇది రోమ్ వంట. పలచగా కొట్టిన దూడ మాంసం ముక్క మీద ఒక సేజ్ ఆకు, ఒక ప్రొషుత్తో పొర పెట్టి టూత్‌పిక్‌తో గుచ్చుతారు. బీఫ్ తినకపోతే చికెన్ బ్రెస్ట్‌ని పలచగా కొట్టి చేసుకోండి, నేను ఇంట్లో అలాగే చేస్తాను. అడుగు వైపు కాస్త మైదా అద్ది, వెన్నలో ఆ వైపే ముందు బాగా కాల్చాలి. ప్రొషుత్తో ఉన్న వైపు అర నిమిషం చాలు. కాస్త వైట్ వైన్ పోసి గిన్నెకి అంటుకున్నదంతా గీకి, ఆ రసం పైన పోయాలి. ఉప్పు అసలు వేయకూడదు. పచ్చి బఠానీల్లో కూడా ప్రొషుత్తో బాగుంటుంది: ఉల్లిపాయని వెన్నలో మగ్గబెట్టి, బఠానీలు వేసి ఉడికించి, స్టవ్ ఆపేశాక సన్నగా తరిగిన ప్రొషుత్తో కలపండి. గిన్నె వేడికే సరిపోతుంది.

ఇక గ్వాంచాలె. నాకు వీటన్నిటిలో ఇదే ఎక్కువ ఇష్టం.

గ్వాంచా అంటే చెంప. పంది చెంప మాంసానికి ఉప్పు, మిరియాలు పట్టించి, సాధారణంగా రెండు మూడు నెలలు వేలాడదీస్తారు. పాంచెత్తా పొట్ట భాగం నుంచి వస్తుంది. చెంప కొవ్వు దానికన్నా గట్టిగా ఉంటుంది, వాసన కూడా ఘాటు. సగానికి పైగా కొవ్వే కాబట్టి నూనె అక్కర్లేదు, పెద్ద మంట అసలే అక్కర్లేదు. మీరు చేసిన తప్పు అదొక్కటే. వేడి నూనెలో పడగానే పైన ఉన్న సన్నటి మాంసం పొర మాడిపోతుంది, లోపలి కొవ్వు కరగడానికి సమయమే దొరకదు.

గ్రిచా అనే పాస్తాతో మొదలుపెట్టండి. టమాటా లేదు, గుడ్డు లేదు, తప్పు జరిగితే దాచుకోడానికి ఏమీ లేదు, అందుకే నేర్చుకోడానికి ఇది మంచిది. ఇద్దరికి 200 గ్రాముల రిగతోని (గొట్టాల్లాంటి పాస్తా), 80 గ్రాముల గ్వాంచాలె, 60 గ్రాముల పెకొరీనో రొమానో జున్ను, నల్ల మిరియాలు. ఇంకేమీ వద్దు, వెల్లుల్లి కూడా.

గ్వాంచాలె చర్మం కోసి పక్కన పెట్టండి, పారేయకండి. పైన అంటుకున్న మిరియాల పొడిని కత్తితో గీకేయండి, లేకపోతే అది మాడి చేదెక్కుతుంది. చిటికెన వేలు పొడుగున, అర సెంటీమీటరు మందంలో ముక్కలు కోయండి. చల్లటి పెనంలో, నూనె లేకుండా పరిచి, అప్పుడు సన్న మంట వెలిగించండి. రెండు మూడు నిమిషాలు ఏమీ జరగదు, కంగారుపడి మంట పెంచకండి. ముందు ముక్కల అంచులు అద్దంలా పారదర్శకంగా అవుతాయి, పెనం అడుగున తడి కనిపిస్తుంది. తర్వాత సన్నగా చిటపటమని మొదలవుతుంది, మినప వడియాలు వేగేటప్పటి చప్పుడులా కాకుండా చాలా మెత్తగా. ఎనిమిది నుంచి పది నిమిషాలకి ముక్కలు సగమై, పైన బంగారు రంగు తిరిగి, లోపల ఇంకా కొంచెం మెత్తగా ఉంటాయి. అప్పుడు ముక్కల్ని తీసి పళ్ళెంలో పెట్టండి. పెనంలో మిగిలిన ఆ తేట కొవ్వే మీ తాలింపు. దాన్ని వంపి పారేస్తే వంట అక్కడితో అయిపోయినట్టే.

పాస్తా నీళ్ళలో మామూలుగా లీటరుకి 10 గ్రాముల ఉప్పు వేస్తారు, దీనికి అందులో సగం వేయండి. పెకొరీనో గొర్రె పాల జున్ను, అదీ బాగా ఉప్పగా ఉంటుంది. గ్వాంచాలె, జున్ను, పాస్తా నీళ్ళు మూడు చోట్ల నుంచి వచ్చే ఉప్పుని కలిపి లెక్కేసుకోవాలి. పాస్తాని ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే తీసి కొవ్వు ఉన్న పెనంలో వేసి, ఒక గరిటెడు పాస్తా నీళ్ళు పోసి, ఆ రెండు నిమిషాలూ పెనంలోనే ఉడకనివ్వండి. పిండి నీళ్ళు, కొవ్వు కలిసి చిక్కటి రసంలా అవుతాయి. స్టవ్ ఆపండి. ఒక నిమిషం ఆగండి. తురిమిన పెకొరీనోని కాస్త చల్లారిన పాస్తా నీళ్ళతో దోశపిండి జారుగా కలిపి ఉంచుకుని, అప్పుడు పోసి గబగబా తిప్పండి. మరుగుతున్న వేడిలో వేస్తే జున్ను గడ్డలు కట్టి సాగుతుంది. మిరియాలు దంచి వేసి, వేగిన ముక్కలు పైన చల్లి వెంటనే తినేయండి. ఇది చల్లారితే బాగుండదు.

గ్రిచా వచ్చిందంటే మిగతా రెండూ వచ్చినట్టే. అదే కొవ్వులో వైట్ వైన్, కాస్త ఎండుమిర్చి, టమాటా వేస్తే అమత్రిచానా. రోమ్ ఉన్న లాజియో ప్రాంతపు కొండల్లో ఉన్న అమత్రిచె ఊరి పేరే దానికి వచ్చింది. 2016 ఆగస్టు 24 భూకంపంలో నేలమట్టమైన ఊరు అదే. ఆ తర్వాత ఇటలీలో ఎన్నో హోటళ్ళు అమత్రిచానా ప్లేటు మీద వచ్చిన డబ్బులో కొంత ఆ ఊరికి పంపాయి. 2020లో ఐరోపా సమాఖ్య (ఈయూ) దీన్ని సంప్రదాయ వంటకంగా రిజిస్టర్ చేసింది. ఉల్లిపాయ వేయాలా వద్దా అని గొడవపడే వాళ్ళు ఇక్కడ ఇప్పటికీ ఉన్నారు. నేను వేయను, గ్వాంచాలె కొవ్వులో టమాటా పులుపు ఒక్కటే ఉంటే రుచి సూటిగా తెలుస్తుంది.

టమాటా బదులు గుడ్డు సొనలు, జున్ను కలిపి పోస్తే కార్బొనారా. ఇది వేల ఏళ్ళ నాటి వంట అని కొందరు చెబుతారు గానీ, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈ పేరుతో వంట అచ్చులో కనిపించదు. 1954లో ఒక ఇటలీ పత్రికలో వచ్చిన పద్ధతిలో పాంచెత్తా, వెల్లుల్లి, గ్రుయేర్ జున్ను ఉన్నాయి. కాబట్టి గ్వాంచాలె దొరక్క పాంచెత్తా వేశామని మీరు టెన్షన్ పడనవసరం లేదు. క్రీమ్ మాత్రం వద్దు. గుడ్డు గడ్డకట్టకుండా ఉండాలంటే గ్రిచాలో జున్ను వేసినట్టే, స్టవ్ ఆపి, ఒక నిమిషం ఆగి పోయాలి.

పాంచెత్తాకి ఇంకో పని కూడా ఉంది. ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ సన్నగా తరిగి మగ్గబెట్టే సొఫ్రిత్తోలో గుప్పెడు పాంచెత్తా ముందు వేస్తే, ఆ తర్వాత వేసే దేనికైనా అడుగు పడినట్టే. బొలోన్యా రగూ, అంటే పాస్తాలో కలిపే ఖీమా కూర, మొదలయ్యేది ఇలాగే. మనం పోపు వాసనతో వంట ఎటు పోతోందో చెప్పగలిగినట్టు, ఇక్కడి వాళ్ళు మెట్ల మీద నుంచే ఆ వాసన పట్టి పక్కింట్లో ఆదివారం వంట ఏంటో చెప్పేస్తారు. మీకు రాజ్మా అలవాటైతే బొర్లొత్తి చిక్కుడు గింజలు తెచ్చుకోండి, రాజ్మాకి దగ్గరి చుట్టం. రాత్రి నానబెట్టి, మీరు పక్కన పెట్టిన గ్వాంచాలె చర్మాన్ని ఒక ఐదు నిమిషాలు విడిగా మరిగించి ఆ నీళ్ళు పారబోసి, చర్మాన్ని గింజలతో పాటు ఉడికించండి. చర్మంలోని జిగురు దిగి పులుసు చిక్కబడుతుంది. ఉప్పు గింజలు మెత్తబడ్డాక, రుచి చూసి వేయండి. అన్నంలోకి కూడా అద్భుతంగా ఉంటుంది. ఇది ఇక్కడి పల్లెల్లో పేదవాళ్ళ తిండి. ప్రొషుత్తో ఎముకని, చర్మాన్ని పారేయకుండా చిక్కుళ్ళలో వేయడం ఇప్పటికీ చూస్తాను. సలుమెరియాలో అడిగితే ఎముక ముక్క చాలా చవగ్గా ఇస్తారు, ఒక్కోసారి ఊరికే కూడా ఇస్తారు.

మోర్తదెల్లా మా బొలోన్యా సరుకు. 1661లోనే కార్డినల్ ఫర్నేజె ఒక శాసనం వేయించి, బొలోన్యా బయట తయారు చేసినదాన్ని మోర్తదెల్లా పేరుతో అమ్మకూడదన్నాడు. మెత్తగా రుబ్బిన మాంసంలో తెల్లగా కనిపించే చతురస్రాలు పంది మెడ కింది గట్టి కొవ్వు. అది వేడికి తొందరగా కరగదు, అందుకే ఉడికాక కూడా ముక్కలు విడివిడిగా నిలుస్తాయి. చాలా పలచగా కోయించుకుని వేడి బ్రెడ్డు మీద మడతలు మడతలుగా వేసుకుంటే పలచటి పొరల మధ్య గాలి ఆడి వాసన పైకి వస్తుంది. అదే మోర్తదెల్లాని ఒక వేలు మందం కోయించి, ఘనాలుగా తరిగి, పొడి పెనం మీద రెండు నిమిషాలు ఎర్రగా కాల్చి చూడండి. బయట కరకర, లోపల మెత్తన. ఇక దీని అసలు గొప్పతనం తొర్తెల్లీనిలో, అంటే లోపల మాంసం కూరిన చిన్న పాస్తా ముక్కల్లో ఉంది. 1974 డిసెంబరు 7న బొలోన్యా వాణిజ్య మండలిలో నమోదు చేసిన పద్ధతి ప్రకారం లోపలి కూరులో పంది నడుము మాంసం, ప్రొషుత్తో క్రూదో, మోర్తదెల్లా, పార్మిజానో జున్ను, గుడ్డు, జాజికాయ ఉంటాయి. చూశారా, ప్రొషుత్తో ఇక్కడ కూడా మసాలా పాత్రే చేస్తోంది. ఉప్పు మళ్ళీ వేయాల్సిన పని దాదాపు ఉండదు.

మన నాలుకకి తిన్నగా తగిలేది ఎన్‌దూయా. ఇటలీ బూటు కొసన ఉన్న కలాబ్రియాలో, స్పిలింగా అనే ఊరి సరుకు. కొవ్వు పంది మాంసంలో అక్కడి మిరపకాయలు దట్టంగా కలిపి పేగులో కూరి ఆరబెడతారు. కొవ్వు ఎంత ఎక్కువంటే అది గట్టిపడదు, వెన్నలా రాసుకోవచ్చు. మన గుంటూరు మిరపకీ, కలాబ్రియా మిరపకీ పుట్టిల్లు ఒక్కటే, రెండూ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవే. మొదటిసారి తిన్నప్పుడు నాకు ఎర్ర కారం, నెయ్యి కలిపిన వేడన్నం గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. వాడే పద్ధతి చాలా తేలిక. సన్న మంట మీద ఒక చెంచాడు వేస్తే నిమిషంలో కరిగి ఎర్రటి నూనె వదులుతుంది. దానిలో ఉల్లిపాయ వేయించి గుడ్లు కొట్టి పొరటు చేయండి, లేదా టమాటా గుజ్జు పోసి పాస్తాకి వాడండి. కారం పొడి, ఉప్పు విడిగా వేయకండి. మీరు మన వంటలోకి వీటిని ఎలా తేవాలి అని ఆలోచిస్తున్నట్టయితే, దారి ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

మన వంటలో కలపడం గురించి నా అనుభవం చెప్తాను. ధనియాల పొడి, గరం మసాలా, అల్లం వెల్లుల్లి ముద్ద, ఈ మూడూ సలూమికి పడవు. మిరియాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి రెబ్బ, ఉల్లిపాయ పడతాయి. బంగాళాదుంప వేపుడు పాంచెత్తా కొవ్వులో చేస్తే చాలా బాగుంటుంది. క్యాబేజీ కూడా. ఉత్తరాన ఆల్తో ఆదిజె వైపు క్యాబేజీని స్పెక్‌తో కలిపి తినడం వాళ్ళ పాత అలవాటే. స్పెక్‌కి చల్లటి పొగ పెడతారు, అందుకే ఆ పొగ వాసన. పప్పులో పెట్టి చూశాను గానీ నాకు నచ్చలేదు, ఇంగువ, కరివేపాకు వాసనకీ దానికీ పొత్తు కుదరదు. బిర్యానీలో మాత్రం దయచేసి వద్దు, అక్కడ మంచి మేక మాంసానికే చోటు ఇవ్వండి.

పూరీ ప్రియులకి ఒక మంచి కబురు. బొలోన్యా, పార్మా ఉన్న ఎమీలియా ప్రాంతంలో న్యొక్కో ఫ్రిత్తో అని ఒకటి దొరుకుతుంది. మైదా పిండిని పలచగా ఒత్తి, డైమండ్ ముక్కలుగా కోసి నూనెలోనో పంది కొవ్వులోనో వేయిస్తారు, అచ్చం పూరీలా పొంగుతుంది. పొంగిన వేడి న్యొక్కో మీద ప్రొషుత్తో పొర వేయగానే తెల్లటి కొవ్వు మన కళ్ళ ముందే కరిగి జారుతుంది. మీరు ఇంట్లో పూరీ వేసుకుని దాని మీద వేసుకున్నా ఆ సుఖం దాదాపు అలాగే ఉంటుంది.

కొన్నింటిని పొయ్యి దగ్గరికే తేవద్దు. పో నది ఒడ్డున జిబెల్లో అనే ఊరి పొగమంచులో పంది తొడ మాంసంతో తయారయ్యే కులతెల్లో, మెడ మాంసంతో చేసే కొప్పా, మంచి సలామె అలాంటివి. కరారా పాలరాతి తొట్లలో ఊరబెట్టే పంది వీపు కొవ్వు, లార్దో ది కొలొన్నాతాని కూడా పొయ్యి మీద పెట్టరు, పలచగా కోసి వేడి బ్రెడ్డు మీద వేస్తే దానంతట అదే కరుగుతుంది. బ్రెజావొలా గొడ్డు మాంసం. పలచగా పరిచి నిమ్మరసం, ఆలివ్ నూనె, రుకొలా ఆకు, పార్మిజానో వేసుకుని తింటారు. బీఫ్ తినని వాళ్ళు పేరు గుర్తు పెట్టుకోండి, పోర్క్ తినని వాళ్ళకి హలాల్ బ్రెజావొలా కూడా దొరుకుతుంది. వీటికి పూర్తిగా వ్యతిరేకం కొతెకీనో. చూడ్డానికి లావు సలామెలా ఉంటుంది గానీ పచ్చిది, కోసుకుని తినకూడదు. సన్న మంట మీద రెండు మూడు గంటలు ఉడికించి, కొత్త సంవత్సరం రాత్రి చిరుశనగల్లా ఉండే లెంతిక్కియె పప్పుతో తింటారు. రేకు సంచిలో వచ్చేది ముందే ఉడికినది, దాన్ని వేడి నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచితే చాలు.

శాకాహారులైన స్నేహితులు మీ గదిలో ఉంటే ఈ మాట వాళ్ళకీ చెప్పండి. ఇక్కడ చిక్కుడు గింజల సూపులో, పియాదీనా, తిజెల్లె లాంటి రొట్టెల్లో పంది కొవ్వు ఉండొచ్చు. లేబుల్ మీద 'స్త్రుత్తో' అని ఉంటే అదే. హోటల్లో అడిగితే నిజం చెప్తారు, మొహమాటపడకండి.

కొనేటప్పుడు ప్యాకెట్ కన్నా కౌంటర్లో కోయించుకోవడం మేలు. 'ఎత్తో' అంటే 100 గ్రాములు. "ఉన్ ఎత్తో ది ప్రొషుత్తో" అని అడిగితే చాలు. ఒక్కడే తినేవాడికి అర ఎత్తో చాలా సందర్భాల్లో సరిపోతుంది. కోసిన ప్రొషుత్తో అదే రోజు, కుదరకపోతే మర్నాడు తినేయండి. పాస్తా కోసం గ్వాంచాలె, పాంచెత్తా అయితే ముక్కగానే కొనండి. ప్యాకెట్లలో చిన్న ఘనాలుగా కోసి అమ్మేది చాలాసార్లు తడిగా ఉంటుంది, పెనంలో వేగకుండా ఉడుకుతుంది.

ఆరోగ్యం గురించి దాచకుండా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ఇలా నిల్వ చేసిన మాంసాలన్నిటినీ క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు దాదాపు 18 శాతం పెరుగుతుందని వాళ్ళ అంచనా. బీపీ ఉన్నవాళ్ళకి ఈ ఉప్పు మంచిది కాదు. గర్భిణులు పచ్చిగా ఆరబెట్టినవి తినకూడదు, బాగా ఉడికించినవైతే తినొచ్చు. నేను రోజంతా వీటి మధ్యే పని చేస్తాను, కానీ ఇంట్లో వారానికి ఒకసారి మించి వండను. పైన చెప్పినట్టు మసాలాలా వాడితే మనిషికి 40 గ్రాములతోనే వంట పూర్తవుతుంది.

ఇక ఫ్రిజ్‌లో ఉన్న మీ సగం గ్వాంచాలె. ప్లాస్టిక్ కవర్లోంచి వెంటనే తీయండి, అందులో చెమర్చి జిగురెక్కుతుంది. పొడి గుడ్డతో తుడిచి, బటర్ పేపర్‌లో చుట్టి, కూరగాయల అరలో పెట్టండి, రెండు మూడు వారాలు నిక్షేపంగా ఉంటుంది. కోసిన వైపు కాస్త ఎండి పసుపు రంగు తిరిగితే ఆ పలచటి పొర ఒక్కటి తీసేస్తే చాలు. కుళ్ళిన వాసన వచ్చినా, లోపల రంగు మారినా మాత్రం పారేయండి. ఈ ఆదివారం అందులోంచి 80 గ్రాములు కోసి గ్రిచా చేయండి, చర్మం చిక్కుడు గింజల కోసం దాచండి. పెనం చల్లగా ఉన్నప్పుడే ముక్కలు వేయడం మరిచిపోకండి. జున్ను గడ్డ కట్టినా, ఉప్పు ఎక్కువైనా ఎక్కడ ఏం చేశారో వరసగా రాయండి, చూసి చెప్తాను.